గడియారాల మాస్టారి రెండు సెకన్లు

నాలుగూ నలభై రెండుకి ఎండ ఎదురుమేడ నీళ్ళ ట్యాంకు పక్కనుంచి తొంగిచూస్తుంది, ఈ గది గోడ మీద పడుతుంది, గోడ మీంచి మెత్తబడి కిటికీ పక్క కుర్చీలోకి వస్తుంది, నాలుగూ యాభై తొమ్మిదికి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది. మధ్యలో మిగిలేవి పదిహేడు నిమిషాలు. ఇది ఎవరో చెప్పగా విన్న లెక్క కాదు, పది రోజులుగా ఇదే గదిలో, ఇదే బల్ల ముందు కూర్చుని గడియారాల మాస్టారు స్వయంగా పట్టుకున్న లెక్క. మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పినాయన కాదు, నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసినందుకు వీధివాళ్ళు తగిలించిన పేరు, సెకను అటూ ఇటూ అయితే ఆయనకి ముద్ద దిగదని వెనకాల నవ్వుకునేవాళ్ళు కూడా. ఇప్పుడు సరిగ్గా నాలుగు. బల్ల మీద నాలుగు లావుపాటి పుస్తకాలు, వాటి మీద కెమెరా, కెమెరా ముందు ఖాళీ కుర్చీ, కుర్చీకి అటుపక్క రెండు మేకులకి కట్టిన తెల్ల దుప్పటి, గోడ మీంచి వచ్చిన వెలుగు దానికి తగిలి నీడపక్కకి కూడా కాస్త తిరిగిరావాలని. లోపలి గదిలో భార్య నిద్రపోతోంది, రేపు ఉదయం ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి కనక ఈ మధ్యాహ్నం నడుం వాల్చమని డాక్టరమ్మే చెప్పింది. తలుపు వారగా ఉంది, ఊపిరి వినిపిస్తోంది, దాన్ని లెక్కపెట్టకుండా ఉండటం మాస్టారికి చేతకావడం లేదు, నిమిషానికి పద్నాలుగు. ఆకాశంలో ఒక మబ్బు ఉంది. ఒక్కటే. ఆ ఒక్కటీ సరిగ్గా ట్యాంకు వైపే కులాసాగా నడిచివస్తోంది, దానికి రేపు ఆసుపత్రి లేదు.

నిద్ర లేపాలా, నాలుగున్నరకి లేపాలా, నాలుగూ ముప్ఫై అయిదుకా, లేచాక మొహం కడుక్కోవడానికి మూడు నిమిషాలు, జుట్టు దువ్వుకోవడానికి నాలుగు, ఆ గడ్డ పుట్టినప్పటినుంచి ఎడమ చెవి మీదికి జుట్టు లాక్కోవడం ఒకటి అలవాటైంది, దానికింకో నిమిషం. గోళీకాయంత గడ్డ, చెవి కింద, నొప్పి కూడా లేదు. ప్రాణానికి భయం లేదు, కానీ పెరుగుతోంది కనక తీసెయ్యాలి, అని చెప్పి డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది, ముఖాన్ని ఆడించే నరం సరిగ్గా దాని మధ్యనుంచి పోతుందట, అయిదు కొమ్మలట, కాపాడుకుంటూనే తీస్తాం, అయినా ఎడమవైపు కొన్నాళ్ళు వాలిపోవచ్చు, నెలలు పట్టవచ్చు, కొందరికి పూర్తిగా తిరిగిరాదు, ఉన్నమాట చెప్పాలి కదా అంది. మాస్టారికి బొమ్మ చూడగానే అర్థమైంది. వెంట్రుకలాంటి స్ప్రింగు ఉంటుంది గడియారంలో, దాని పక్కన స్క్రూ తీయడం ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, అర్థం కాకుండా ఉంటే బాగుండునని మాత్రం అనిపించింది. ఆ స్క్రూలు అన్నేళ్ళు వంగి వంగి బిగించడం వల్ల వచ్చిందా డాక్టరుగారూ అని అడిగారు. కాదంది. మందుల చీటీ తీసుకునేటప్పుడు మళ్ళీ అడిగారు, తలుపుదాకా వెళ్ళి మూడోసారి అడిగారు. మెడ వంచితే వచ్చే జబ్బు కాదు మాస్టారూ అని ఆవిడ ఓపిగ్గా చెప్పింది, ఆ ఓపికకి ఆయన మనసులో ఇప్పటికీ దణ్ణం పెడుతూనే ఉన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో భార్య కిటికీలోంచి చూస్తూ, ఏ కూరగాయల మాటో చెబుతున్నట్టు చెప్పింది.

"నవ్వు ఒక పక్కకే వస్తుందిట కదా. రెండు పక్కలా ఉన్నప్పుడే ఒకటి తీసి పెట్టండి. తర్వాత చూసుకుని దిద్దుకుంటాను."

దిద్దుకోవడానికి ఇంట్లో ఒక్క నవ్వూ లేదు, అదీ సంగతి. ఆ రాత్రే బీరువా అడుగు పెట్టె తీసి వెతికారు, ముప్ఫై ఒక్క ఏళ్ళ ఫొటోలన్నీ పక్క మీద పరిచారు, ప్రతిదాంట్లోనూ ఆవిడ గుర్తింపు కార్డుకి దిగినట్టే ఉంది, పెదవులు బిగించి, గెడ్డం కాస్త ఎత్తి, ఎవరో ఏదో నేరం మోపితే నాకు తెలియదని చెప్పబోతున్నట్టు. వంటింట్లో గిన్నె జారినా నవ్వే మనిషి, ఆయన తుమ్మినా నవ్వే మనిషి, కెమెరా కనబడితే చాలు కొయ్యబారిపోతుంది. రేపటినుంచి ఆ నవ్వు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు, ఇవాళ్టిదాకా ఎలా ఉండేదో చెప్పడానికి సాక్ష్యం లేదు, సాక్ష్యం పుట్టించాల్సిన మనిషి చేతులు చూస్తే ఇలా. మాస్టారు కుడిచేతిని మోకాలి మీద పెట్టుకున్నారు, అది మోకాలితో పాటు వణికింది, మోకాలి కింద పెట్టి తొక్కిపట్టారు.

ఈ కెమెరా బామ్మర్దిది. ఊరూరూ తిరిగి బళ్ళలో గ్రూపు ఫొటోలు తీసే పని వాడిది, మూడొందలమంది పిల్లల్ని ఒకేసారి కళ్ళు తెరిపించగలిగిన మొనగాడు, కిందటేడు దుకాణం మూసేశాక మాస్టారు నెల్లాళ్ళు గోడకేసి చూస్తూ కూర్చున్నారని తెలిసి తన పాత కెమెరా పార్సిల్ చేశాడు. తెలిసిందంటే వాడికి కల రాలేదు, అక్క ఫోన్ చేసి చెప్పింది, అది మాస్టారికి చాలా ఆలస్యంగా తెలిసింది. పార్సిల్ వెనకాలే ఫోన్లో పాఠాలు మొదలు, రోజుకొకటి, గొంతు రికార్డు చేసి పంపేవాడు, వెనక బస్సు హారన్లు, పిల్లల గోల. బావా, దగ్గరికెళ్ళు, కొత్తవాళ్ళందరూ దూరంగా నిలబడి తీస్తారు, అన్నాడు మొదటి రోజు. మాస్టారు వెళ్ళారు. నలభై ఏళ్ళు కంటికి భూతద్దం బిగించుకుని వస్తువుని మూడు వేళ్ళ దూరంలో చూసిన మనిషికి దగ్గరంటే అదే దగ్గర, కప్పునీ తాళంచెవినీ కిటికీ గొళ్ళేన్నీ ముక్కు ఆనించినంత దగ్గరగా తీశారు, రెండు వందల ఫొటోలు, అన్నీ పొగమంచు. బామ్మర్ది అవన్నీ చూసి, బావా, ఇది మీ ఇల్లా, మబ్బుల్లో ఏమన్నా కట్టుకున్నారా, అని మాత్రం అడిగాడు. తర్వాత నెమ్మదిగా దారికి తెచ్చాడు, ముందు వెలుగు ఎటునుంచి వస్తోందో చూడు ఆ తర్వాతే మనిషిని చూడు, నిలబడి కిందికి తీయకు మనిషి కళ్ళెంత ఎత్తులో ఉంటే నువ్వూ అంత ఎత్తుకి దిగు, రెండు కళ్ళలో నీకు దగ్గరగా ఉన్న కన్ను స్పష్టంగా ఉంటే మిగతావి అవే సర్దుకుంటాయి, కెమెరా టక్కుమనే చప్పుడు తీసేయ్ ఆ చప్పుడుకే మనుషులు బిగుసుకుంటారు, చిన్న తెర మీద చూసి బాలేదని తుడిచెయ్యకు, రాత్రి బాలేనిది పొద్దున బాగుండొచ్చు. మోచేతులు డొక్కలకి ఆనించి, గోడకి వీపు ఆనించి, ఊపిరి సగం వదిలి ఆపి, అప్పుడు మెత్తగా నొక్కాలి అన్నప్పుడు మాత్రం మాస్టారికి కళ్ళు చెమర్చాయి, అది ఆయనకి తెలిసిన విద్యే, సన్న పట్కారుతో పంటి కింద ఇసుకంత స్క్రూ ఎత్తేటప్పుడు నలభై ఏళ్ళు చేసిందదే, ఇంకెప్పుడూ పనికిరాదనుకున్నది ఇక్కడ మళ్ళీ పనికొచ్చింది. అయినా చెయ్యి కదులుతూనే ఉండేది. దానికి వాడు ఒక్కసారి కూడా నీకు వణుకు కదా బావా అనలేదు, అందరి చేతులూ కదులుతాయి, కెమెరాకి తెలియకుండా కదలడమే మన పని అన్నాడు, వెనకవైపు చిన్న చక్రం ఉంది చూడు, గడియారం బొమ్మ దగ్గర ఆపు, ఒక మెట్టు తిప్పితే రెండు సెకన్లు, ఇంకో మెట్టు తిప్పితే పది, బొత్తాం నొక్కి చెయ్యి తీసేస్తే ముందున్న ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ ఆడి ఆడి, ఫొటో కెమెరానే తీసుకుంటుంది, పది సెకన్లది తీసేవాడు కూడా పరిగెత్తుకెళ్ళి పక్కన కూర్చోడానికి, నీకు రెండు చాలు. ఆ గడియారం బొమ్మకి ఒకటే ముల్లు ఉంది, ఎవడు గీశాడో గానీ. బామ్మర్దులకి బావలు బాకీ ఉండేవి వెటకారాలే అని లోకం అనుకుంటుంది, మాస్టారు మాత్రం వాడికి ఇంకేదో బాకీ పడ్డారు.

నాలుగూ పద్నాలుగు. మబ్బు ఇంకా రాలేదు, ఊపిరి ఇంకా పద్నాలుగే. బామ్మర్దికైతే ఫోన్లో ఏదో ఒకటి అనేయొచ్చు, లోపల పడుకున్న మనిషికి ఏమని చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, రేపు మత్తు ఇవ్వకముందు చెప్పాల్సింది ఒకటుంది, ఫొటో సాకుగా ఇవాళైనా చెప్పాలి. అయిదేళ్ళ కిందట చెయ్యి వణకడం మొదలైంది, మొదట్లో చలి అనుకున్నారు, తర్వాత నీరసం అనుకున్నారు, ఒకరోజు ఒక ముసలాయన పెళ్ళినాటి వాచీలోంచి చిన్న పళ్ళచక్రం ఎగిరి నేల మీద పడి వెతికినా దొరకలేదు, ఆ సాయంత్రం ఇద్దరూ చీకటి పడేదాకా నేలంతా చేతులతో తడిమారు, ఆవిడకి దొరికింది, ఆవిడే పట్కారు అందుకుని, చెప్పండి, ఎక్కడ పెట్టాలి, అంది. అంతే, అలా మొదలైంది. దుకాణం మధ్యలో ఆకుపచ్చ తెర కట్టారు, ముందు మాస్టారు, వెనక ఆవిడ, వచ్చినవాళ్ళ దగ్గర వాచీ తీసుకుని చెవికి ఆనించుకుని విని, వెనక్కి వెళ్ళి గుసగుసగా ఎడమ మూల స్క్రూ, దాని కిందది, వద్దు దాన్ని ముట్టుకోకు అని చెబుతూ పక్కన కూర్చునేవారు, ఆవిడ వేళ్ళు ఎప్పుడూ తొందరపడలేదు, తప్పు చేస్తే నాలిక కరుచుకునేది, సరిగ్గా పడితే మెల్లగా ముక్కుతో నవ్వేది. బయటికి తెచ్చి ఇచ్చేది మాస్టారు. మాస్టారూ మీ చేతిలో ఏదో మహిమ ఉందండీ, అనేవాళ్ళు. తెర అవతల ఆవిడ వింటూ ఉండేది. ఈయన తల ఊపేవారు. నాలుగేళ్ళు తల ఊపారు. ఒక్కరోజు, ఒక్కరితో, ఆ చేతులు నావి కావండీ అంటే ఏం పోయేది, దుకాణం పోతుందనుకున్నారు, పరువు పోతుందనుకున్నారు, దుకాణం ఎలాగూ పోయింది. ఆవిడ దాని గురించి ఒక్క మాట అడగలేదు, అడగకపోవడమే ఇన్నాళ్ళుగా గుచ్చుతోంది. కృతజ్ఞతలు అంటే మైకు ముందు నిలబడి సభలో చెప్పే మాటలా ఉంటుంది, థాంక్స్ అంటే బస్సులో జరిగి చోటిచ్చినవాడికి చెప్పేదిలా ఉంటుంది, మధ్యలో సొంత భార్యకి చెప్పుకోవడానికి మాటే లేనట్టుంది, లేక ఉందేమో, ఈయనే ఎప్పుడూ వాడలేదు కనక తుప్పు పట్టిందేమో.

లేపక్కర్లేకపోయింది. నాలుగున్నరకి ఆవిడే లేచింది, మొహం కడుక్కుంది, జుట్టు దువ్వుకుంది, నీలం శాలువా కప్పుకుని వచ్చి మేకులకి వేలాడుతున్న దుప్పటిని చూసి, ఉతికినదాన్ని మళ్ళీ ఎందుకు ఆరేశారు అంది. మాస్టారు వెలుగు సంగతి వివరించారు. ఆవిడ విన్నట్టే విని కుర్చీలో కూర్చుంది. మబ్బు ట్యాంకు దాకా వచ్చి, ఏమనుకుందో ఏమో, పైనుంచి దాటిపోయింది, ఆ మబ్బుకి కూడా మాస్టారు లోపల్లోపల ఒక నమస్కారం పడేశారు, ఈ పది రోజులుగా ఆయన ఎవరికి పడితే వాళ్ళకి నమస్కారాలు పెడుతున్నారు. నాలుగూ నలభై రెండు. వచ్చింది. గోడ మీద పడింది, మెత్తబడింది, కుర్చీలోకి వచ్చి ఆవిడ నుదుటి మీద, చెంప మీద, ముడతల్లోకి కూడా మర్యాదగా దిగింది, ఈ ముఖాన్నా నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు లైటు సరిగ్గా లేకుండా చూశాను అనిపించింది మాస్టారికి. నొక్కారు. గుర్తింపు కార్డు. ఇంకోటి నొక్కారు. నాకు తెలియదు, ఆ నేరం నేను చేయలేదు. కాస్త నవ్వు అన్నారు, అనకూడదని బామ్మర్ది లక్షసార్లు చెప్పాడు, నవ్వమంటే ఎవరూ నవ్వరు, అయినా అనేశారు, ఆవిడ పళ్ళు కనిపించేలా పెదవులు లాగింది, పంటి డాక్టరుకి చూపిస్తున్నట్టుగా ఉంది. నాలుగూ యాభై. పదకొండు తీశారు, అయిదింట్లో చెయ్యి కదిలింది, ఆరింట్లో ఆవిడ కదల్లేదు, కదలకపోవడమే వాటికి జబ్బు. ఆవిడకి మాట వినాలనే ఉంది, పాపం, ఎంత కావాలనుకుంటే ముఖం అంత బిగుసుకుంటోంది. కళ్ళలో మాత్రం భయం కనబడింది, ఇప్పటిదాకా ఎక్కడా చూపించని భయం, కెమెరాలోంచి చూస్తే దాక్కోలేకపోయింది.

యాభై ఆరు. ఇంక మూడు నిమిషాలు. గోడ మీద వెలుగు అంచు అప్పుడే ఎర్రబారి పైకి పాకుతోంది. చేతిని నమ్ముకుని లాభం లేదని మాస్టారు కెమెరాని మళ్ళీ పుస్తకాల మీద కుదురుగా పెట్టి, వెనక చక్రం మీద వేలు వేశారు, కళ్ళజోడు నెత్తి మీద ఉంది, కెమెరాకి కన్ను ఆనించడానికి అడ్డమని ఎప్పుడో పైకి తోసేశారు, గడియారం బొమ్మ మసగ్గా కనబడింది, ఒక మెట్టు తిప్పారు, వేలు వణికింది, సరే, బొత్తాం నొక్కి చెయ్యి తీసేశారు. ఒకటి. రెండు. నలభై ఏళ్ళు సెకన్లతో కాపురం చేసిన మనిషి, ఆయన రెండంటే రెండే, కెమెరా చప్పుడు ఎలాగూ తీసేశారు, చప్పుడు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. అయిపోయింది, ఇంక చాలులే, అన్నారు. ఆవిడ పెద్దగా ఊపిరి వదిలింది, భుజాలు జారాయి, జుట్టు పక్కకి పోయి చెవి కింద గడ్డ బయటపడింది, ఈయన కుర్చీ పక్కకి రెండడుగులు వేసి, ఎందుకో తెలియదు, తగిలితే నొప్పెడుతుందేమోనని నెలల తరబడి ముట్టుకోని ఆ పక్కకి చెయ్యి చాచి, జుట్టు సర్దబోయారు, చెయ్యి గాలిలో వణుకుతూ వెళ్ళింది, ఆవిడ ఆ చేతి మీంచి కెమెరా వైపు చూసింది.

"ఏమండీ, ఆ ఎర్ర దీపం ఇంకా ఆడుతోందే."

ఆడటం ఏమిటి, రెండు సెకన్లు ఎప్పుడో అయిపోయాయి అన్నారు మాస్టారు, ఇంతలో దీపం గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది, ఊళ్ళో అందరి సెకన్లూ సరిచేసిన మనిషి రెండు సెకన్లు ఇంత పొడుగా అంటూ ఆవిడ నవ్వింది, గిన్నె జారినప్పటిలా, స్క్రూ సరిగ్గా పడినప్పటిలా, తలంతా వెనక్కి వాల్చి. దీపం ఆగిపోయింది.

మాస్టారు కళ్ళజోడు దించుకుని చూశారు. చక్రం రెండు దగ్గర లేదు, ఇంకో మెట్టు దాటి పది దగ్గర ఉంది. వణికినప్పుడు ఆ వేలే తిప్పేసింది. చిన్న తెర మీద ఆవిడ నవ్వుతోంది. పొగమంచు లేదు, నేరం లేదు, దగ్గరగా ఉన్న కన్ను స్పష్టంగా ఉంది, అందులో కిటికీ కూడా కనబడుతోంది. ఆవిడ వచ్చి పక్కన నిలబడి తల వంచి చూసింది. రెండు పక్కలా సమానంగా లేదు నవ్వు, కుడివైపు కాస్త ఎక్కువ, ఎడమవైపు కాస్త తక్కువ, ఎప్పుడూ అంతేనేమో, ఇన్నేళ్ళు చూస్తూ ఇద్దరూ కనిపెట్టలేదు. నా నవ్వు ముందునుంచీ వంకరే అన్నమాట, రేపు ఏదైనా అయితే డాక్టరమ్మని ఏమీ అనకండి, అంది ఆవిడ. మాస్టారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, చూపు ఫొటో అంచుకి పోయింది, అక్కడ ఆవిడ చెంప పక్కన తెల్లగా పొగలాంటిది ఉంది, వెలుగు తగ్గి కెమెరా రెప్ప నిదానంగా మూసుకోవడంతో ఆయన చెయ్యి అలా చెదిరిపోయింది, వేళ్ళు అయిదో యాభయ్యో తెలియడం లేదు. నా చెయ్యి పాడుచేసింది, ఇంకొక్క నిమిషం వెలుగుంది, మళ్ళీ తీస్తా కూర్చో అన్నారు.

"దీన్ని తుడిచారంటే ఊరుకోను," అంది ఆవిడ. ఆ పొగ మీద వేలు పెట్టి, "రేపు నేను కళ్ళు తెరిచేసరికి ఇది ఇక్కడే ఉండాలి," అంది.

నాలుగూ యాభై తొమ్మిది. గోడ మీద వెలుగు పోయింది. ఇప్పుడు తీస్తే మసగ్గా వస్తుంది, బామ్మర్ది చూస్తే ఇదేం వేళ బావా అంటాడు, అననీ. ఆవిణ్ణి మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన ముక్కాలిపీట వేసి, కళ్ళజోడు పెట్టుకుని చక్రం చూశారు, పది దగ్గరే ఉంది, ముట్టుకోలేదు. బొత్తాం నొక్కి గబగబా వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు, గడ్డ ఉన్న వైపు. ఎర్ర దీపం ఆడటం మొదలుపెట్టింది. మాస్టారు దాన్ని లెక్కపెట్టలేదు.

"ఆ తెర వెనక పని చేసిన చేతులు నీవి," అన్నారు. "ఎవరితోనూ చెప్పలేదు నేను. నువ్వు లేకపోతే ఆ నాలుగేళ్ళు నేను లేను. ఇదెలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళు ఊరుకున్నాను."

ఆవిడ శాలువాలోంచి చెయ్యి తీసి, మోకాలి మీద వణుకుతున్న ఆయన చేతి మీద పెట్టింది, వణకకుండా నొక్కిపట్టలేదు, ఊరికే పెట్టింది, రెండు చేతులూ కలిసి వణికాయి.

"ముందుకి చూడండి," అంది. "దీపం తొందరపడుతోంది."